వెనక సీటు నుంచి

ఆదివారం పొద్దున్నే తడ దగ్గర, హైవే పక్క టీ కొట్ల ముందు కాసేపు నిలబడితే చెన్నై నుంచి బండ్ల మీద గుంపులుగా వచ్చినవాళ్ళు కనిపిస్తారు. కొందరు వరదయ్యపాళెం వైపు తిరిగి ఉబ్బలమడుగు జలపాతానికి పోతారు. కొందరు పులికాట్‌లో పక్షుల్ని చూడ్డానికి సూళ్ళూరుపేట దాకా పోతారు. టీ తాగినంతసేపూ తెలుగులోనో తమిళంలోనో ఒకటే వాదన. పాత క్రూజర్ బండ్లు మంచివా, కొత్తవి మంచివా? పాతవాటి చప్పుడులో ప్రాణం ఉందంటాడు ఒకడు. ఆ ప్రాణం నిలబెట్టడానికి నెలనెలా మెకానిక్కి ఎంత ఇస్తున్నావో చెప్పమంటాడు ఇంకొకడు. కొత్తవి మెత్తగా పోతాయి, బ్రేకు వేస్తే నిలబడతాయి, పొద్దున్నే కిక్కు కొట్టి చెమటలు పట్టించుకోనక్కర్లేదు. అయినా పాతదాని మీద పోతే పోయినట్టుంటుంది, కొత్తదాని మీద పోతే కూర్చున్నట్టుంటుంది అని మొదటివాడు మళ్ళీ మొదలుపెడతాడు.

ఈ మాటలు చిన్నప్పటి నుంచి వింటున్నాను. ఇంట్లో మా నాయన కూడా ఇవే మాట్లాడేవాడు. వాదించేవాళ్ళంతా హ్యాండిల్ పట్టుకున్నవాళ్ళేనని నాకు తట్టడానికి చాలా ఏళ్ళు పట్టింది. బండికి రెండు సీట్లుంటాయి. రెండో సీట్లో కూర్చున్నవాళ్ళని ఈ ప్రశ్న ఎవరూ అడగరు. మా ఇంట్లో ఆ సీటు మా అమ్మది. అందుకని ఈ వ్యాసంలో బండి గురించి ఆమె ఏమంటుందో ముందు చెప్పి, నేనేమనుకుంటున్నానో తర్వాత చెప్తాను.

క్రూజర్ అంటే తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. సీటు కిందకి ఉంటుంది, హ్యాండిల్ పైకీ వెనక్కీ వంగి ఉంటుంది, కాళ్ళు కాస్త ముందుకి చాపుకోవచ్చు, బండి పొడుగు. వేగంగా పోవడానికి కాదు, ఎక్కువ దూరం పోవడానికి చేసిన బండి. అమెరికా హైవేల మీద పుట్టిన ఈ ఆకారం మన దగ్గరికి 2000ల మొదట్లో వచ్చింది. 2001లో కవాసాకి బజాజ్ ఎలిమినేటర్, 2002లో రాయల్ ఎన్‌ఫీల్డ్ థండర్‌బర్డ్, ఆ ఎలిమినేటర్ పోలికలతోనే 2005లో బజాజ్ అవెంజర్. చెన్నై ఉత్తరాన తిరువొత్తియూరులో 1950ల నుంచి తయారవుతూ వచ్చిన బుల్లెట్‌ని కూడా క్రూజర్ అనాలా వద్దా అన్నది వేరే గొడవ. మా వైపు జనం ఆ తేడా పెద్దగా పట్టించుకోరు. బరువుగా ఉండి, డుగ్గు డుగ్గుమని పోతే చాలు, అన్నీ ఒకటే.

మా నాయన హైస్కూల్లో లెక్కలు చెప్పేవాడు. 2010లో ఒక క్రూజర్ కొన్నాడు. ఏ కంపెనీదో చెప్పను. చెబితే ఆ కంపెనీ అభిమానులొకవైపు, వేరే కంపెనీ అభిమానులొకవైపు చేరి అసలు సంగతి పక్కకి పోతుంది. ఆ బండి మీద మేం సూళ్ళూరుపేట చెంగాళమ్మ గుడికి పోయేవాళ్ళం, శ్రీకాళహస్తి పోయేవాళ్ళం, చుట్టాల పెళ్ళిళ్ళకి తిరుపతి దాకా కూడా పోయినాం. అమ్మ ఎప్పుడూ చీరలో, ఒక పక్కకి తిరిగి కూర్చునేది. ఒక చెయ్యి నాయన భుజం మీద, ఒక చెయ్యి ఒళ్ళో సంచీ మీద. క్రూజర్‌లో వెనక సీటు కాస్త ఎత్తుగా ఉంటుంది, దాని వెనక ఆనుకోవడానికి దిండు ఉంటుంది. పక్కకి తిరిగి కూర్చున్న ఆడమనిషికి ఆ దిండు వీపుకి ఆనదు, పక్కటెముకకి గుచ్చుకుంటుంది. నాకది నిజంగా అర్థమైంది మొన్న మొన్న, నేనే ఒకసారి అట్లా కూర్చుని చూసినప్పుడు.

బండి ఆగిపోవడం గురించి నాయన ఎప్పుడూ సంతోషంగానే చెప్తాడు. శ్రీకాళహస్తి దారిలో ఒకసారి పెట్రోల్ సరిగ్గా రాక ఆగిపోతే కార్బురేటర్ విప్పి, సన్న తీగతో జెట్ పొడిచి, మళ్ళీ బిగించి స్టార్ట్ చేశాడు. ఆ కథ మా ఇంటికి వచ్చిన ప్రతి అతిథీ విన్నాడు. అమ్మ చెప్తే అదే కథ వేరేగా ఉంటుంది. మే నెల, పదకొండు గంటలు, చుట్టుపక్కల చెట్టు లేదు. కిలోమీటరు రాయి మీద కూర్చుంటే చీరలోంచి కాలింది, నిలబడితే తల తిరిగింది. తమ్ముడు నీళ్ళకని ఏడుస్తున్నాడు. నలభై నిమిషాలు. "మీ నాయనకి అది రిపేరీ, నాకు ఎండ" అంటుంది అమ్మ. పాత బండ్ల మీద మమకారంతో రాసిన వ్యాసాలు నేను చాలా చదివాను. దారి పక్కన సొంత చేతులతో బండి బాగుచేసుకున్న ఆనందం వాటిల్లో తప్పకుండా ఉంటుంది. ఆ నలభై నిమిషాలు సంచీ పట్టుకుని నిలబడిన మనిషి మాత్రం ఒక్కదాంట్లోనూ కనిపించలేదు.

ఇక అసలు సంగతి. 2015 నవంబర్ వానలు గుర్తున్నాయా? చెన్నై మునిగిందని దేశమంతా చెప్పుకున్నారు గానీ నెల్లూరు, చిత్తూరు జిల్లాల్లో కూడా చెరువులు తెగాయి, రోడ్లు కొట్టుకుపోయాయి. అప్పుడు తడ నెల్లూరు జిల్లాలో ఉండేది, 2022లో తిరుపతి జిల్లాలోకి వచ్చింది. ఆ వానల్లో ఒక సాయంత్రం నాయనా అమ్మా సూళ్ళూరుపేట నుంచి ఇంటికొస్తున్నారు. ముందు పోయే లారీ ఉన్నట్టుండి నిదానించింది. నాయన బ్రేకు వేశాడు. వెనక చక్రం తిరగడం ఆగిపోయింది, బండి మాత్రం ఆగలేదు. నీళ్ళ మీద వెనక భాగం పక్కకి జారింది. నాయన బండితో పాటు మోకాళ్ళ మీద పడ్డాడు. పక్కకి తిరిగి కూర్చున్న అమ్మ విసురుకి ఎగిరి చెయ్యి మీద పడింది. కుడి మణికట్టు విరిగింది.

నాయన అంత వేగంగా ఏమీ పోవడం లేదు. చక్రం తిరుగుతున్నంతసేపే టైరుకి రోడ్డు మీద పట్టు ఉంటుంది, అంతే. అది బిగుసుకుపోతే టైరు ఒట్టి రబ్బరు ముద్ద, నీళ్ళ మీద ఎటు తోస్తే అటు పోతుంది. ఏబీఎస్ అనేది ఈ ఒక్క పని ఆపడానికే ఉంది. చక్రం దగ్గర ఒక సెన్సార్ అది ఎంత వేగంగా తిరుగుతోందో చూస్తూ ఉంటుంది. బిగుసుకుపోబోతోందని తెలిస్తే బ్రేకుని సెకనులో ఎన్నోసార్లు వదిలి మళ్ళీ పట్టిస్తుంది. మన దేశంలో 125 సిసి దాటిన కొత్త మోడళ్ళకి 2018 ఏప్రిల్ 1 నుంచి, అంతకుముందు నుంచే అమ్ముడవుతున్న మోడళ్ళకి 2019 ఏప్రిల్ 1 నుంచి దీన్ని తప్పనిసరి చేశారు. నా లెక్కలో పాత క్రూజర్‌కీ కొత్త క్రూజర్‌కీ మధ్య గీత ఇదే. ఫలానా కంపెనీ ఫలానా ఇంజన్ మార్చిన ఏడాదిని నేను గీతగా చూడను.

ఇక్కడ ఒక మెలిక ఉంది, షోరూంలో ఎవరూ దానంతట అది చెప్పరు. చట్టానికి సింగిల్ చానెల్ ఏబీఎస్ చాలు. అంటే ముందు చక్రానికి ఉంటే సరిపోతుంది. తక్కువ ధర క్రూజర్లు కొన్ని అట్లాగే వచ్చాయి. రెండు చక్రాలకీ ఉంటే డ్యూయల్ చానెల్ అంటారు. మా అమ్మని పడేసింది వెనక చక్రం. ముందు చక్రానికి మాత్రమే ఏబీఎస్ ఉన్న కొత్త బండి ఆ సాయంత్రం ఆమెకి పెద్దగా అక్కరకొచ్చేది కాదు. కాబట్టి "కొత్తది మంచిదా" అని అడిగినవాళ్ళకి నేను "ఏ కొత్తది" అని ఎదురు ప్రశ్న వేస్తాను.

చెయ్యి అతుక్కుంది, కానీ అమ్మ మళ్ళీ బండెక్కలేదు. ఏడేళ్ళు. గుడికి బస్సు, ఆసుపత్రికి ఆటో. పెళ్ళిళ్ళకి నాయన బండి మీద ముందు పోతే, ఆమె రెండు బస్సులు మారి మధ్యాహ్నం భోజనాల వేళకి చేరేది. ఇద్దరూ దీని గురించి పోట్లాడుకోలేదు, అసలు మాట్లాడుకోనే లేదు. నాయన బండి తుడుస్తూనే ఉన్నాడు, వెనక సీటు తోలు కొత్తగా ఉన్నప్పటిలానే మెరుస్తూ ఉండిపోయింది. వాళ్ళిద్దరూ కలిసి ఎక్కడికన్నా పోవడం అన్నది నెమ్మదిగా మా ఇంట్లో లేకుండా పోయింది. బ్రేకులంటే నాకు ఇంత పట్టింపు అందుకే.

నేను శ్రీసిటీలో ఒక కంపెనీలో క్వాలిటీ డిపార్ట్‌మెంట్‌లో పనిచేస్తాను. 2022 చివర్లో బండి కొందామనుకున్నప్పుడు క్రూజర్లే చూశాను. ఎందుకంటే నా ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం. నాయన బండి తరం కంటే ముందువాటిని కిక్కు కొట్టి స్టార్ట్ చెయ్యడం నా బరువుతో అయ్యే పని కాదు. ఈ తరం క్రూజర్లలో సీటు 765 మిల్లీమీటర్ల ఎత్తులో ఉన్నవి ఉన్నాయి, రెండు కాళ్ళూ నేలకి ఆనతాయి, బటన్ నొక్కితే స్టార్ట్ అవుతాయి. పాతవాటిలో మజా ఉందని చెప్పేవాళ్ళు ఆ మజా ఎవరికి అందేదో కూడా చెప్తే బాగుంటుంది.

షోరూంకి అమ్మని తీసుకుపోయినాను. సేల్స్ కుర్రాడు నాకు మీటరు, బ్లూటూత్, దారి చూపించే చిన్న స్క్రీను చూపించడం మొదలుపెట్టాడు. "ముందు అమ్మ వెనక కూర్చుని చూస్తుంది" అన్నాను. అతనికి అర్థం కాలేదు. టెస్ట్ రైడ్ అంటే నడిపేవాళ్ళకి కదా అన్నాడు. అమ్మే సమాధానం చెప్పింది: "నువ్వూ ఆ పిల్లా కూచోని చూస్తే ఏం తెలస్తాది నాయనా? పడేది ఎనకోళ్ళు గదా." మూడు షోరూములు, ఐదు బండ్లు చూశాం. రెండింటిని కాళ్ళు పెట్టుకునే చోటు పైకి ఉందని, మోకాళ్ళు పట్టేస్తున్నాయని కూర్చోగానే వద్దంది. ఒకదానికి పట్టుకోవడానికి ఏమీ లేదంది. నాలుగోదాని మీద పది నిమిషాలు తిరిగి వచ్చి, "కాళ్ళు జివ్వుమనలేదే" అంది ఆశ్చర్యంగా.

ఆ జివ్వుమనడం వెనక మంచి కథే ఉంది. రాయల్ ఎన్‌ఫీల్డ్‌నే తీసుకుని చూద్దాం, ఎందుకంటే అదే కంపెనీ అదే సైజు క్రూజర్‌ని రెండు తరాల్లో చేసింది. 2020లో ఆగిపోయిన థండర్‌బర్డ్ 350లో 346 సిసి ఇంజన్, 19.8 హార్స్‌పవర్, 28 న్యూటన్ మీటర్ల టార్క్. ఆ ఏడాది నవంబర్‌లో దాని చోట వచ్చిన మీటియోర్ 350లో 349 సిసి, 20.2 హార్స్‌పవర్, 27 న్యూటన్ మీటర్లు. పేపర్ మీద చూస్తే తేడా ఏముంది? బలం ఇసుమంత పెరిగింది, టార్క్ ఒకటి తగ్గింది కూడా. ఈ అంకెలు చూసి "కొత్తదాంట్లో ఏముంది" అని తేల్చేసినవాళ్ళు చాలామందే ఉన్నారు.

అంకెల్లో కనిపించనిది లోపల మారింది. ఒకే పెద్ద పిస్టన్ పైకీ కిందకీ కొట్టుకుంటుంటే బండంతా అదురుతుంది. ఆ ఊపుకి ఎదురు తిరుగుతూ దాన్ని చాలావరకు తగ్గించే బ్యాలెన్సర్ షాఫ్ట్ కొత్త ఇంజన్‌లో పెట్టారు. చట్రం కూడా కొత్తగా గీశారు. నడిపేవాడికి హ్యాండిలూ పనీ ఉంటాయి, అదురు అతనికి బండితో మాట్లాడుతున్నట్టు అనిపిస్తుంది. వెనకున్న మనిషికి చేయడానికి పనేమీ లేదు. ఆ అదురుని గంటన్నర సేపు కాళ్ళతో, నడుముతో భరించడం ఒక్కటే ఆమె పని. ముందు సీట్లో ప్రాణమని పిలిచేది వెనక సీటుకి వచ్చేసరికి నడుం నెప్పి. ఆ పాత పేపర్నీ కొత్త పేపర్నీ పక్కపక్కన పెడితే, మారినవన్నీ వెనక సీటుకి పనికొచ్చేవేనని నాకనిపించింది.

రోడ్డు కూడా మారింది. నాయన కుర్రాడిగా ఉన్నప్పుడు ఇది రెండు వరసల ఎన్‌హెచ్ 5. మనం ఎదుటి లారీకి దారిస్తే అది మనకి దారిచ్చేది. ఇప్పుడిది ఎన్‌హెచ్ 16. శ్రీసిటీ వచ్చాక షిఫ్టు బస్సులూ కంటెయినర్ లారీలూ రేయింబవళ్ళు తిరుగుతున్నాయి. యాభైలో పోతుంటే వెనకనుంచి హారన్లు. పాత బండి పాత రోడ్డుకి సరిపోయిందనే నేనూ ఒప్పుకుంటాను. ఆ రోడ్డు ఇప్పుడు లేదు.

అట్లాగని పోయినవాటిని లెక్కలో వెయ్యకుండా ఉండలేను. మొదటిది, మా మెకానిక్ భాయ్. హైవే పక్క వేపచెట్టు కింద ముప్పై ఏళ్ళుగా ఆయన షెడ్డు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 వచ్చింది, ఈ సైజు బండ్లలో కార్బురేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. పొగ తగ్గింది, చలికాలం పొద్దున కూడా ఒక్క నొక్కుకే స్టార్ట్. కానీ మీటర్లో పసుపు దీపం వెలిగితే స్కానర్ పెట్టి చూడాలి, ఆ స్కానర్ సర్వీస్ సెంటర్లో ఉంటుంది, సర్వీస్ సెంటర్ మా ఊళ్ళో లేదు. "పాత బండికి ఏమన్నా అయితే నాకు చెప్తాది పాపా. కొత్తదానికి ఏమన్నా అయితే కంప్యూటర్‌కి చెప్తాది" అన్నాడు భాయ్. ఇప్పుడాయన షెడ్డులో బండ్ల కంటే రొయ్యల చెరువుల మోటార్లు ఎక్కువ కనిపిస్తాయి. నా బండికి ఇంతవరకూ ఆయన చేసింది టైర్లలో గాలి చూడటం, చైన్ బిగించడం, అంతే. ఆయన చేతిలోని పని తెలివి ఇంకెవరికీ అందకుండా పోతుంది, కొత్త బండి ఎంత మంచిదైనా ఆ నష్టం తీరదు.

రెండోది చప్పుడు. దీని సంగతి అమ్మే చెప్పింది, నేను అడగలేదు. నాయన బండి రెండు వీధుల అవతల ఉండగానే వినపడేదట. అది విని స్టవ్ మీద కూర వేడికి పెట్టేదట. వానలో ఆలస్యమైన రాత్రుల్లో ఆ చప్పుడు కోసమే చెవులు అటు పెట్టి ఉండేదట. "నీ బండి పిల్లి మాదిరి వస్తాది. గేటు తీసేదాకా నువ్వొచ్చినట్టే తెలీదు." టీ కొట్టు దగ్గర ప్రాణం అంటారే, అది ఇదే అయితే నేను ఒప్పుకుంటాను. ఆ చప్పుడు ఇంట్లో కాచుకుని ఉన్నవాళ్ళకి కబురు. సైలెన్సర్ మార్చి చప్పుడు పెంచుకునే కుర్రాళ్ళు మాత్రం ఎవరికి కబురు పంపుతున్నారో నాకు తెలీదు.

మూడోది నష్టం కాదు, అనుమానం. ఇంజనూ బ్రేకులూ వెనక మనిషికి అనుకూలంగా మారుతున్న ఇదే కాలంలో ఫ్యాషన్ ఇంకోవైపు పోతోంది. బాబర్ అని ఒక రకం వచ్చింది. జావా పెరాక్‌లాంటివి ఒకే సీటుతో వస్తాయి. చూడ్డానికి అందంగా ఉంటాయి, కాదనను. చీర చక్రంలో పడకుండా వెనక చక్రం సగమన్నా కప్పి ఉండాలని, పట్టుకోవడానికి పిడి, కాళ్ళు పెట్టుకోవడానికి చోటు ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో రాసుంది. కొత్త బండి ఇంటికి రాగానే చాలామంది కుర్రాళ్ళు మొదట పీకి పారేసేది ఆ చీర గార్డునే, షో పోతోందని. బండిని చేసినవాళ్ళు వెనక మనిషిని గుర్తుపెట్టుకున్నా, కొన్నవాళ్ళు మర్చిపోతే ఏం చెయ్యగలం?

2023 జనవరిలో, ఏడేళ్ళ తర్వాత, అమ్మ నా వెనక కూర్చుంది. చూడీదార్ వేసుకుని, రెండు పక్కలా కాళ్ళు వేసి. యాభై ఏడేళ్ళ వయసులో ఆమె మొదటిసారి అట్లా కూర్చోవడం అదే. హెల్మెట్‌లో కొప్పు పట్టక జడ వేసుకుంది. దిండు మొదటిసారి వీపుకి ఆనింది. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోటకి పోయే రోడ్డు పులికాట్‌ని చీల్చుకుంటూ పోతుంది, రెండు వైపులా నీళ్ళు, దూరంగా గులాబీ గీతలాగా ఫ్లెమింగోలు. అడ్డగాలి గట్టిగా ఉంది. బరువైన బండి కాబట్టి కదలకుండా పోయింది. అమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది, గట్టిగా పట్టుకోలేదు.

నాయన ఇంకా ఒప్పుకోడు. "ఆ వానలో ఏ బండైనా జారేదే" అంటాడు. ఆయనకి అరవై ఆరేళ్ళు. ఆ మాటని నేను కాదని నిరూపించలేను. ఆ సాయంత్రం అదే చోట, అదే లారీ వెనక, రెండు చక్రాలకీ ఏబీఎస్ ఉన్న బండి నిలబడేదని నేనే కాదు, ఏ ఇంజనీరూ ఒట్టు వేసి చెప్పలేడు. నిలబడే అవకాశం ఎక్కువని మాత్రం చెప్పగలం. లెక్కల మాస్టారికి అవకాశం అనే మాట తెలియంది కాదు. ఆయన వాదిస్తున్నది బండి గురించి కాదని, ఆ బ్రేకు వేసిన చెయ్యీ కాలూ తనవి కాబట్టి అని నాకు తెలుసు. అందుకే ఆయన దగ్గర ఈ మాట పొడిగించను.

అమ్మకి ఇంత ఆలోచన లేదు. పోయిన నెల పెళ్ళి పిలుపొచ్చింది, తిరుపతిలో. ఎట్లా పోదామని నాయన అడిగితే, వంటింట్లోంచి అంది: "పాప బండి తీసుకో. నువ్వే నడుపు. నేను ఎనక కూచుంటా."

నాయన ఏమీ అనలేదు. గోడకి తగిలించిన నా బండి తాళం కేసి కాసేపు చూసి, "దాంట్లో గేర్లు ఎన్ని మే?" అని నన్ను అడిగాడు.